సాహస చిత్రం సంగీతం: చిన్న ఆల్బమ్ చేతిలో ఉండగా పెద్దది కొనాలా?

చిత్తూరు నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ అనే హాలీవుడ్ సాహస చిత్రం సంగీతం పాత ఆల్బమ్ ఆయన దగ్గర ఉంది. సినిమాలో బాగా నచ్చిన ఒకటి రెండు ఘట్టాల సంగీతం అందులో దొరకలేదు. అదే సినిమాకు విస్తరించిన సంచికలు, అంటే ఎక్కువ సంగీతంతో మళ్లీ వేసిన పెద్ద ఆల్బమ్‌లు, ఉన్నాయని ఈమధ్యే తెలిసింది. ధర చూస్తే గుండె గుభేలుమంది. కొనవచ్చా? అసలు మొదటిసారే అంతా ఎందుకు ఇవ్వలేదు? మన తెలుగు సినిమాలకు ఇలాంటివి ఎందుకు రావు?

ముందు సమాధానం చెప్పేస్తాను. మీరు వెతుకుతున్న ఘట్టం పెద్ద సంచిక జాబితాలో ఉంటే కొనండి. అట్ట మీద ‘పూర్తి’ అన్న మాట చూసి మాత్రం కొనకండి. కొన్నాక కూడా పాతదాన్ని ఎవరికీ ఇచ్చేయకండి.

నేను తిరుపతిలో గాంధీ రోడ్డు దగ్గర ఒక సందులో ఇరవై రెండేళ్లు క్యాసెట్ల దుకాణం నడిపాను. పొద్దున సుప్రభాతం, మధ్యాహ్నం అన్నమయ్య, సాయంత్రం సినిమా పాటలు. యాత్రికులు మొదటి రెండూ కొనేవారు, ఊరివాళ్లు మూడోది. కాగితం మీద పాటల జాబితా రాసి తెస్తే ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చేవాణ్ణి. ఆ వ్యాపారం పోయాక ఇప్పుడు పాత టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేస్తున్నాను. హరికథలు, పెళ్లి నాదస్వరాలు, గంగ జాతర డప్పులు, ఎవరి తాతగారి గొంతో ఒకటి. హాలీవుడ్ సంగీతం నాకు బతుకుదెరువు కాదు, పిచ్చి. కాబట్టి ఈ సమాధానంలో సగం అనుభవం, సగం పిచ్చి ఉంటాయి.

మొదటిసారే అంతా ఎందుకు ఇవ్వలేదంటే, అన్నిటికన్నా ముందు చెప్పవలసిన కారణం ప్లేటు, అంటే ఎల్పీ రికార్డు. ఒక వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటితే దాని మీది గాడులు ఇరుకవుతాయి, శబ్దం పలచబడుతుంది. రెండు వైపులా కలిపితే నలభై చిల్లర. 1981లో కొలంబియా సంస్థ విడుదల చేసిన ‘రైడర్స్’ ఆల్బమ్ సరిగ్గా ఆ కొలతలోనే ఉంటుంది. సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేసిన సంగీతం అంతకంటే చాలా ఎక్కువ. అందులోంచి ఏరి, అవసరమైన చోట అతికి, వినడానికి బాగుండే వరుసలో పేర్చి ఇచ్చారు. 1995లో డీసీసీ అనే సంస్థ డెబ్భై నిమిషాలు దాటిన సీడీ తెచ్చింది. 2008లో కాంకర్డ్ సంస్థ ఆ వరుసలో అప్పటికి వచ్చిన నాలుగు సినిమాల సంగీతాన్నీ కలిపి అయిదు డిస్కుల పెట్టె తెచ్చింది. మీకు కనిపించిన పెద్ద ధర బహుశా ఆ పెట్టెదే.

రెండో కారణం డబ్బు. అమెరికాలో వాద్యకారుల సంఘం బలమైనది. వాళ్లు సినిమా కోసం వాయించినది డిస్కుగా మళ్లీ అమ్మితే అదనంగా చెల్లించాలి. ఎన్ని నిమిషాలు వేస్తే అంత భారం. అందుకే 1980లు, 90లలో లాస్ ఏంజెలెస్‌లో రికార్డయిన సినిమాల సీడీలు చాలావరకు ముప్పై నిమిషాలకే ముగిసేవి. డెబ్భై నాలుగు నిమిషాలు పట్టే డిస్కులో సగానికి పైగా ఖాళీ! దుకాణంలో అలాంటిది అమ్మితే మరునాడు గొడవకు వచ్చేవారు, ‘మిగతాది నువ్వే మింగేశావా’ అన్నట్టు. ‘రైడర్స్’ లండన్‌లో రికార్డయింది కాబట్టి ఈ రెండో కారణం దానికి అంతగా వర్తించదు. అక్కడ ముఖ్యంగా అడ్డుపడింది ప్లేటు కొలతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ ఎల్పీని నేను మొదట విన్నది అరవై నిమిషాల క్యాసెట్టులో. మద్రాసులో ఎవరో ఎక్కించి ఇచ్చారు. నలభై నిమిషాల సంగీతం పోగా టేపు మిగిలింది కదా, ఖాళీగా ఎందుకు వదలాలని ఆ పుణ్యాత్ముడు చివర తెలుగు యుగళగీతాలు నింపాడు. ఆ రోజుల్లో అది మర్యాద. ఖాళీ వదిలితే కొన్నవాడు ఊరుకోడు. ఇప్పటికీ ఆ సినిమా హీరో కవాతు బాణీ ముగింపులో బాకాలు ఆగిన క్షణంలో నా చెవి, యుగళగీతం మొదట్లోని వీణ తీగ మీటు కోసం ఎదురుచూస్తుంది.

ఇక విస్తరించిన సంచికలో నిజంగా ఏమి దొరుకుతుందో చూద్దాం. ఎక్కువ నిమిషాలు దొరకడం పెద్ద విశేషం కాదు. బాణీలు ఎలా నడుస్తాయో తెలియడం విశేషం. విలియమ్స్ హీరో కోసం రెండు బాణీలు కట్టి దర్శకుడు స్పీల్‌బర్గ్‌కు వినిపిస్తే, ఆయన రెండూ కావాలన్నారట. అలా ఒకటి పల్లవిగా, మరొకటి మధ్య భాగంగా కలిసి ఆ కవాతు బాణీ తయారైంది. చిన్న ఆల్బమ్‌లో అది ఎదురుగా నిలబడి నిండుగా పలుకుతుంది. కానీ సినిమా నడుస్తున్నప్పుడు ఆయన దాన్ని అంత ఉదారంగా వాడలేదు. ఇక్కడ నాలుగు స్వరాలు, అక్కడ అర వాక్యం, హీరో తప్పించుకోగానే ఒక్క మెరుపు. మన హరిదాసులు కథ మధ్యలో కీర్తన ఎత్తుగడ మాత్రం పాడి ఆపేసి ఊరించినట్టు. ఆ పిసినారితనం పెద్ద సంచికలో వింటేనే అర్థమవుతుంది.

మందసం, అంటే ఈ సినిమాలో అందరూ వెతికే పవిత్రమైన పెట్టె, దాని బాణీ మరో మంచి ఉదాహరణ. చిన్న ఆల్బమ్ మాత్రమే విన్నవారికి అది మ్యాపు గది ఘట్టంలో సూర్యకిరణంతో పాటు లేచి, చివరి అద్భుతంలో విరుచుకుపడే బాణీ. పెద్ద సంచికలో నేపాల్ ఘట్టం కూడా ఉంది. అక్కడ మందసం జాడ చెప్పే పతకం బయటపడగానే ఆ బాణీ ఎవరో తలుపు సందులోంచి తొంగి చూసినట్టు మెల్లగా కదులుతుంది. అంటే మందసం కంటికి కనిపించడానికి చాలా ముందే చెవికి దాని వాసన తగిలింది. నాకు ఆ ఒక్క నిమిషం కోసమే ఆ సీడీ కొన్నా నష్టం లేదనిపించింది.

అయితే మొదటిసారి విన్నప్పుడు ఇలా అనిపించలేదు, అదీ చెప్పాలి. ఆ సీడీ కోసం పొద్దున్నే బస్సెక్కి చెన్నై వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చి, అన్నం కూడా తినకుండా పెట్టుకుని కూర్చున్నాను. అరగంట గడిచాక మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ‘ఏమిటండీ ఇది, ఎవరో దొంగ ఇంట్లో జొరబడి గంటసేపు అల్మరా వెతుకుతున్నట్టుంది’ అంది. నిజమే. సాహస చిత్రం సంగీతంలో సగం భాగం నిరీక్షణ. గుహలో నడక, పాము బుస, చీకటి, అనుమానం. తెర మీద బొమ్మ ఉన్నప్పుడు అది ఊపిరి బిగబట్టిస్తుంది, బొమ్మ లేనప్పుడు వయొలిన్లు గొణుగుతున్నట్టు ఉంటుంది. చిన్న ఆల్బమ్ చేసినవారు ఆ గొణుగుడు చాలావరకు తీసేసి లారీ వెంటపడే ఏడెనిమిది నిమిషాల మహా ఘట్టాన్ని ఉంచారు. ఎందుకు తీశారో ఆ రాత్రి నాకు బాగా తెలిసింది.

అందుకే పాతది పారేయవద్దన్నాను. సంగీత దర్శకుడు స్వయంగా కూర్చిన ఆల్బమ్ ఒక కచేరీ. విస్తరించిన సంచిక ఒక దస్తావేజుల గది. 1977 ‘స్టార్ వార్స్’ జంట ఎల్పీలో విలియమ్స్ ఘట్టాలను కథ వరుసలో కాక, వినడానికి తగిన వరుసలో పేర్చారు. 1997లో వచ్చిన రెండు సీడీల సంచిక వాటిని సినిమా వరుసలోకి తెచ్చింది. నేను రెండూ విన్నాను. కథ తెలుసుకోవాలంటే రెండోది, ఆదివారం మధ్యాహ్నం కళ్లు మూసుకుని వినాలంటే మొదటిదే. విలియమ్స్ సంగీతం చేసిన మరో సినిమా ‘జాస్’ సంగతి ఇంకా వింత. 1975లో వచ్చిన ఆల్బమ్ సినిమా కోసం వాయించినది కాదు. ఆల్బమ్ కోసమే మళ్లీ వాయించినది. సినిమాలో నిజంగా వినిపించిన రికార్డింగ్ జనానికి దొరకడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది. పాతికేళ్లు ఒకటి విని మరొకటి అనుకున్నామన్నమాట.

పెద్దదే అసలైనదిగా నిలిచిన సందర్భమూ ఉంది. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి భాగానికి 2001లో గంటా పది నిమిషాల ఆల్బమ్ వచ్చింది. 2005లో సంగీత దర్శకుడు హోవర్డ్ షోర్ దానికి చేసిన సంగీతం మొత్తం మూడు డిస్కుల్లో, దాదాపు మూడు గంటలు, వచ్చింది. తరువాతి రెండేళ్లలో మిగతా రెండు భాగాలూ అలాగే వచ్చాయి. అక్కడ ఒక్కొక్క జాతికి, ఒక్కొక్క నేలకు వేరే బాణీ ఉంది. అవి ఎదుగుతాయి, ఒకదానిలో ఒకటి కలుస్తాయి. దాన్ని గంటకు కుదిస్తే భారతంలో పర్వాలు చింపేసినట్టే. కాబట్టి నిడివి చూసి కాక, ఆ సంగీతం బాణీలతో కథ చెబుతుందా, లేక ఘట్టానికో మోత మోగిస్తుందా అన్నది చూసి తేల్చుకోండి. రెండో రకానికి చిన్న ఆల్బమే ఎక్కువ.

ఇంకో హెచ్చరిక. ఇది చాలామందికి కొన్నాకే తెలుస్తుంది. చాలా ఏళ్ల కిందట చిత్తూరులో ఒక పాఠశాల వార్షికోత్సవానికి పిల్లల నాటిక వేస్తున్న మాస్టారు నా దగ్గరికి వచ్చారు. ఒక సాహస చిత్రంలో హీరో లోయ దూకే ముందు వచ్చే అర నిమిషం సంగీతం కావాలి. మామూలు ఆల్బమ్‌లో లేదు. నా దగ్గర ఉన్న పెద్ద సంచికలో ఆ ఘట్టం పేరు కనిపించింది, సంతోషంగా వినిపించాను. ఆయన ముఖం వాడిపోయింది. ‘ఇది కాదండీ, సినిమాలో వేరేగా ఉంది’ అన్నారు. ఆయన చెప్పిందే నిజం. ఎడిటింగు చివర్లో దృశ్యం నిడివి మారితే సంగీతాన్ని కత్తిరిస్తారు, మరో చోటి బిట్టు తెచ్చి అతుకుతారు, ఒక్కోసారి ఒకటే బిట్టును రెండుసార్లు వాడతారు. పెద్ద సంచికలో సాధారణంగా ఉండేది సంగీత దర్శకుడు రాసి వాయించిన రూపం. తెర మీద వినిపించిన రూపం కావాలంటే పేరు పక్కన ‘సినిమా రూపం’ అన్న అర్థంలో ఏదైనా ఉందేమో చూడాలి. మాస్టారికి చివరకు ఏం చేశానంటే, రెండు బిట్లు తీసుకుని నేనే కత్తిరించి అతికాను. నాటికలో దూకవలసిన పిల్లాడు నాలుగు సెకన్లు ముందే దూకేశాడు. అది వేరే కథ.

ఈ బిట్ల లెక్క ఎలా ఉంటుందో తెలిస్తే జాబితాలు చదవడం తేలికవుతుంది. సినిమా రీళ్లలో ఉన్న కాలం నుంచి ప్రతి బిట్టుకూ ఒక గుర్తు ఇచ్చేవారు. 2ఎం3 అంటే రెండో రీలులో మూడో బిట్టు. పెద్ద సంచిక తయారు చేసేవాళ్ల పనిలో ఎక్కువ భాగం ఈ గుర్తులతోనే. పెట్టెల నిండా టేపులు, ఒక్కో బిట్టుకు అయిదారు టేకులు, ఏ టేకు సినిమాలో వాడారో ఎక్కడో ఒక కాగితం మీద ఉంటుంది, లేదా ఉండదు. తిరుపతిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు వెంటనే తిరుమల సంకీర్తన భాండాగారం గుర్తొస్తుంది. అన్నమయ్య రాగిరేకులను బయటికి తీసి, అంకెలు చూసి, వరుస కట్టి, అచ్చు వేయడానికి పండితులు ఏళ్ల తరబడి కూర్చున్నారు. ఆ రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు మళ్లీ బాణీలు కట్టవలసి వచ్చింది. సినిమా టేపులది తలకిందుల చిక్కు. స్వరమంతా ఉంది, ఏది ఎక్కడిదో చెప్పే రేకు పోయింది.

టేపులు అంటే గుర్తొచ్చింది, ధర ఎందుకు అంతో కూడా చెప్పాలి. 1970లు, 80ల నాటి కొన్ని రకాల టేపుల్లో అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలో తేమను పీల్చి బంకగా మారుతుంది. అలాంటి టేపును తిప్పితే కీచుమంటుంది, పొడి ఊడి హెడ్డుకు అంటుకుంటుంది. పొడి ఊడితే పాట ఊడినట్టే. దానికి మందు, యాభై నుంచి యాభై అయిదు డిగ్రీల సన్నని వేడిలో గంటల తరబడి ఉంచడం. ఆ తరువాత కొన్నాళ్లు టేపు మాట వింటుంది, ఆ వ్యవధిలోనే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. నేను దీనికి మామిడి ముక్కలు ఎండబెట్టే చిన్న యంత్రం వాడతాను. మన ప్రాంతంలో దానికి కరువు లేదు. ఒకసారి ఒక హరికథ టేపు మూడు రోజులు తోతాపురి వాసన కొట్టింది. దయచేసి వంటింటి ఓవెన్‌లో ప్రయత్నించకండి, వేడి అదుపులో ఉండదు. ఇంకా పాత అసిటేట్ టేపులకైతే ఈ వైద్యం అసలే పనికిరాదు, పాడైపోతాయి. ఇలాంటి పని, హక్కులు ఉన్న ప్రతివారి అనుమతి, వాద్యకారుల చెల్లింపు, ఇవన్నీ కలిపి రెండు మూడు వేల కాపీల మీద రాబట్టాలి. ఇంట్రాడా, లా-లా ల్యాండ్, వారేజ్ సారాబాండ్ వంటి సంస్థలు ఇలా పరిమిత సంఖ్యలోనే వేస్తుంటాయి. అయిపోతే చేతులు మారిన సరుకే గతి, దాని ధరకు అడ్డూ ఆపూ ఉండదు.

మన సినిమాల సంగతి. ఇక్కడ ఆల్బమ్ అంటే పాటలు. ఆడియో కంపెనీ కొనేది పాటల హక్కులే. ఆర్.ఆర్. అని మనవాళ్లు పిలిచే నేపథ్య సంగీతం నిర్మాత వద్దే ఉండిపోయేది. సినిమా విడుదలకు రెండు రోజుల ముందు దాకా రీరికార్డింగ్ జరుగుతూనే ఉండేది. మాటలు, చప్పుళ్లు, సంగీతం కలిపి తుది ట్రాక్ తయారైతే పని ముగిసినట్టే. విడి సంగీతం దాచాలని ఎవరికి తోస్తుంది? అడిగినవాడూ లేడు. కానీ మా తరానికి నేపథ్య సంగీతం వినే దొడ్డిదారి ఒకటి ఉండేది. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది, కథా మాటల రికార్డులూ క్యాసెట్లూ ఉండేవి. విలన్ గుర్రం దిగుతాడు, సంభాషణ మొదలయ్యే ముందు మూడు సెకన్ల సంగీతం. ఆ మూడు సెకన్ల కోసం టేపు వెనక్కి తిప్పి తిప్పి విన్న కుర్రవాళ్లను నేను నా దుకాణంలోనే చూశాను. ఈ కాలంలో పరిస్థితి కొంత మారింది. ‘బాహుబలి’కి కీరవాణి చేసిన నేపథ్య సంగీతం విడిగా విడుదలైంది. కంప్యూటర్‌లో విడివిడి ట్రాకులుగా ఉండడం వల్ల కొత్త సినిమాలకు ఇది సాధ్యమే. పాతవాటికి మాత్రం, విడి టేపు దొరికితే తప్ప, ఆశ పెట్టుకోకండి. ఇంటర్నెట్టులో ‘పూర్తి బీజీఎం’ పేరుతో తిరిగేవాటిలో ఎక్కువ భాగం సినిమా ట్రాక్ నుంచి మాటలు తుడిచి తీసినవి. తుడిచిన చోట శబ్దం నీళ్లలో మునిగినట్టు ఉంటుంది, విని చూడండి.

కొనేటప్పుడు రెండు మూడు జాగ్రత్తలు. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర నేనొక అరుదైన సంచిక కొన్నాను, పేరు అనవసరం. వచ్చింది ఇంట్లో కాపీ చేసిన డిస్కు, అట్ట రంగు జిరాక్సు. డిస్కు అడుగు వైపు ఫోటో అడగండి. ఫ్యాక్టరీలో అచ్చయినది సాధారణంగా వెండిలా తెల్లగా మెరుస్తుంది. ఆకుపచ్చ, నీలం లేదా ఊదా ఛాయ కనిపిస్తే ఇంట్లో కాపీ అని అనుమానించండి. విదేశం నుంచి తెప్పిస్తే డిస్కు ధర మీద పోస్టేజీ, సుంకం కలిపి లెక్క వేసుకోండి. చాలాసార్లు అవి రెండూ కలిసి డిస్కు ధరకు పోటీ వస్తాయి. జాబితాలో మొత్తం నిమిషాలు చూసి మురిసిపోకండి. చివరి డిస్కు నిండా ప్రత్యామ్నాయ టేకులు ఉండవచ్చు. పరిశోధకుడికి అవి పండగ, మామూలు శ్రోతకు ఒకే పాట ఆరుసార్లు.

మీ ప్రశ్నలో ఘట్టం పేరు రాయలేదు. విమానం నేపాల్ వైపు ఎగురుతుంటే మ్యాపు మీద ఎర్రగీత పాకే చోటి సంగీతం అయితే 1995 సీడీలోనే ఉంది, అయిదు డిస్కుల పెట్టె దాకా వెళ్లనక్కరలేదు. లారీ ఘట్టమైతే మీ పాత ఆల్బమ్‌లోనే ఉంది, మరోసారి వెతకండి. వేరేదైతే ఇక్కడే రాయండి, చూసి చెబుతాను. తిరుపతి వచ్చే పని ఉంటే డబ్బు పెట్టే ముందు రెండూ పక్కపక్కన విని వెళ్లవచ్చు. ఆ మద్రాసు క్యాసెట్టు కూడా భద్రంగానే ఉంది, చివరి యుగళగీతంతో సహా.